మేడ మీద హాట్ టబ్‌కి కరెంటు లైను ఎలా వేయించాలి?

అందరికీ నమస్కారం. మాది నిజాంపేటలో రెండంతస్తుల ఇల్లు. నాన్నగారి మోకాళ్ల నొప్పులకి పనికొస్తుందని మేడ మీద హాట్ టబ్ పెట్టిద్దామనుకుంటున్నాం. (హైదరాబాద్ ఎండల్లో వేడినీళ్ల తొట్టి ఏంట్రా అని అమ్మ ఇంకా నవ్వుతూనే ఉంది.) స్లాబు బరువు ఆపుతుందని ఇంజనీరు చూసి చెప్పారు. నా బెంగంతా కరెంటు గురించే.

టబ్ మీద 230 వోల్టులు, 6 కిలోవాట్లు అని ఉంది, అంటే 26 ఆంప్స్ దాకా లాగుతుంది. మాది సింగిల్ ఫేజ్, మంజూరైన లోడు 5 కిలోవాట్లే. రెండు ఏసీలు, గీజరు కూడా దానిమీదే. త్రీ ఫేజ్‌కి మార్పించక తప్పదా?

మీటరు నుంచి మేడ మీదికి 30 మీటర్లు. ఎలక్ట్రీషియనేమో గీజరు లైను నుంచే 4 ఎస్‌క్యూ ఎంఎం వైరు లాగేస్తానంటున్నాడు. నాకు మనసొప్పట్లేదు. విడిగా లైను వేయిస్తే 6 సరిపోతుందా, 10 వేయించాలా?

30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైను కట్ చేసే స్విచ్చు) పెట్టమంటే "ఎంసీబీ ఉందిగా సార్" అంటాడు. ఎంసీబీ పడేది ఓవర్‌లోడుకి, షార్ట్ సర్క్యూట్‌కి. నీళ్లలో కూర్చున్న మనిషికి షాక్ కొడితే అదేం కాపాడుతుంది? ఎర్తింగ్‌కి కొత్త గుంత కూడా తీయించాలా?

ఇలా పెట్టించుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, ప్లీజ్.