నార్వే తీరంలో చలికాలం కూడా చిన్న బోటులో తిరగొచ్చా? తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి

మాది దేవరకొండ దగ్గర. మా తమ్ముడు ఉద్యోగం మీద బెర్గెన్‌లో ఉంటున్నాడు, అక్కడ పాత డీజిల్ బోటు ఒకటి కొన్నాడు, తొమ్మిది మీటర్లుంటుంది. ఎండాకాలం ఒక్కటే కాదు, ఏడాదంతా అందులోనే బాగా ఉత్తరాన ఉన్న ట్రోమ్సో ఊరి దాకా తిరుగుతాడట. మాకు తెలిసిన పెద్ద నీళ్ళంటే సాగరే, వాడు చెప్పేది వింటుంటే ఇంట్లో అందరికీ టెన్షన్.

1980 తర్వాత పుట్టినవాళ్ళు ఎనిమిది మీటర్లు దాటిన బోటు నడపాలంటే అక్కడ పరీక్ష పాసవ్వాలి, అది పాసయ్యాడు, దాని గురించి బాధ లేదు. అట్లాంటిక్ నుంచి వచ్చే వెచ్చటి ప్రవాహం వల్ల అక్కడ సముద్రం గడ్డకట్టదు, నిజమే, కానీ గాలి సంగతేంటి? స్టాడ్ అనే చోట అడ్డంగా దీవులు లేక అలలు నేరుగా వచ్చి కొడతాయట. అక్కడ మంచి వాతావరణం కోసం రేవులో ఎన్ని రోజులు ఆగాల్సి వస్తుంది? బోడో అనే ఊరి దగ్గర సాల్ట్‌స్ట్రౌమెన్ అని నీళ్ళు జోరుగా పారే ఇరుకు జలసంధి ఉంది, అందులో ఆరేడు గంటలకోసారి నీళ్ళు దిశ మారతాయి, ఆ మధ్యలో నెమ్మదించినప్పుడు చిన్న బోటు దాటడం మామూలేనా, లేక చుట్టూ పోవడమే మేలా?

ఇంకోటి, నవంబర్ చివర్నుంచి జనవరి మధ్య దాకా ట్రోమ్సోలో సూర్యుడే పైకి రాడు. ఆ చీకట్లో రాళ్ళ మధ్య రాడార్, మ్యాప్ చూసుకుంటూ ఒక్కడే నడపడం తెలివైన పనేనా? పైన పడ్డ నీటి తుంపర గడ్డకట్టి బరువెక్కితే బోటు తిరగబడుతుందంటారు, దానికేం చేస్తారు? లోపల హీటర్ పెట్టుకుని పడుకుంటే విషవాయువు భయం కూడా ఉంది కదా.

చలికాలం అక్కడ బోటులో నిజంగా గడిపినవాళ్ళు చెబితే మేలు, వద్దని చెప్పినా పర్లేదు, వాడికి చూపిస్తా.