రూట్ పాస్‌వర్డ్ కరెక్టే, అయినా ఎస్‌ఎస్‌హెచ్‌లో లోపలికి రానివ్వట్లేదు (నాన్నకి ఫోన్‌లో చెప్పేలా రాయండి ప్లీజ్)

పాలకొల్లు స్టూడియో:
నమస్తే అండి. పాలకొల్లులో మా నాన్నగారికి ఫొటో స్టూడియో ఉంది. పెళ్లిళ్ల ఫొటోలు, వీడియోలు దాచే డెస్క్‌టాప్‌లో డెబియన్ 12 (విండోస్ బదులు వాడే లినక్స్) ఉంది. అక్కడే రిపేర్లు చేసే అబ్బాయి వేసి ఇచ్చాడు. నేను హైదరాబాద్‌లో ఉంటాను. బ్యాకప్ తీయడం, అప్‌డేట్లు వేయడం ఇక్కణ్ణుంచే చేద్దామనుకుంటే ఎక్కడికక్కడ ఆగిపోతున్నాను.

నాన్న వాడే అకౌంట్ పేరు స్టూడియో. అందులో సుడో (రూట్ హక్కుతో కమాండ్ నడిపేది) కొడితే 'స్టూడియో ఈజ్ నాట్ ఇన్ ది సుడోయర్స్ ఫైల్' అంటోంది. రూట్ (మెషిన్ మీద అన్ని హక్కులూ ఉన్న అకౌంట్) పాస్‌వర్డ్ ఉంది, సీపీయూ డబ్బా మీద స్టిక్కర్ అంటించి రాసిపెట్టాడు. ఇంటికెళ్లినప్పుడు అక్కడి వైఫై మీదే నా విండోస్ లాప్‌టాప్ నుంచి రూట్‌గా ఎస్‌ఎస్‌హెచ్ (వేరే మెషిన్ నుంచి లాగిన్ అయ్యే పద్ధతి) చేస్తే 'పర్మిషన్ డినైడ్'. అదే పాస్‌వర్డ్ మెషిన్ ముందు కూర్చుని కొడితే పనిచేస్తుంది! స్టూడియో అకౌంట్‌తో అయితే వైఫై మీద లాగిన్ అయ్యాను. హైదరాబాద్ నుంచి మాత్రం ఏ పేరుతో ప్రయత్నించినా 'కనెక్షన్ టైమ్డ్ అవుట్'.

ఇప్పట్లో ఊరికి వెళ్లే వీల్లేదు. కమాండ్లు నాన్నకి ఫోన్‌లో చదివి చెప్పాలి. అందుకని ఎలా పలకాలో అలా తెలుగులోనే, స్పేస్ ఎక్కడో హైఫన్ ఎక్కడో చెప్తూ రాయండి. నాన్నకి కీబోర్డ్ అలవాటే, టెర్మినలే కొత్త.

షార్ట్‌కట్ రాజా:
సింపుల్. ఎస్‌ఎస్‌హెచ్‌డీ (ఆ మెషిన్‌లో నడిచే ఎస్‌ఎస్‌హెచ్ సర్వీస్) కాన్ఫిగ్ ఫైల్లో 'పర్మిట్ రూట్ లాగిన్' ని 'యెస్' చేయండి. రూట్ పాస్‌వర్డ్ ఎలాగూ ఉంది కదా, సుడో గొడవే ఉండదు.

నైట్ షిఫ్ట్:
రాజా గారూ, ఆగండి. ఇంటర్నెట్‌లో ఓపెన్‌గా ఉన్న ఏ మెషిన్ లాగ్ తీసి చూసినా బాట్లు (వాటంతటవే లాగిన్ ప్రయత్నించే ప్రోగ్రాములు) ఎక్కువగా ప్రయత్నించే పేరు రూటే. పేరు ముందే తెలుసు కాబట్టి పాస్‌వర్డ్ ఒక్కటి ఊహిస్తే సరిపోతుంది వాటికి. ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ వాళ్లు 2015లో వచ్చిన 7.0 వెర్షన్ నుంచి డిఫాల్ట్‌గానే రూట్‌కి పాస్‌వర్డ్ లాగిన్ ఆపేశారు. పాలకొల్లు గారికి వచ్చిన 'పర్మిషన్ డినైడ్' ఇదే. పాస్‌వర్డ్ తప్పైనా ఒప్పైనా ఒకే మెసేజ్ ఇస్తుంది, కావాలనే. కాబట్టి అది పాడైనట్టు కాదు, దాన్ని అలాగే వదిలేయండి. స్టూడియోగా లోపలికి వెళ్లి, అవసరమైన కమాండ్‌కి మాత్రం సుడో వాడటమే పద్ధతి.

ముందు సుడో సంగతి. డెబియన్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు రూట్‌కి పాస్‌వర్డ్ ఇస్తే, మామూలు యూజర్‌ని సుడో గ్రూపులో చేర్చదు. ఖాళీగా వదిలేస్తేనే చేరుస్తుంది. ఆ అబ్బాయి పాస్‌వర్డ్ ఇచ్చాడు, అంతే. ఉబుంటు అలవాటున్న వాళ్లందరూ ఇక్కడే తికమక పడతారు.

నాన్నగారికి ఇలా చెప్పండి. టెర్మినల్ తెరిచి: ఎస్, యూ, స్పేస్, హైఫన్, ఎంటర్. పాస్‌వర్డ్ అడుగుతుంది. కొడుతుంటే స్క్రీన్ మీద చుక్కలు కూడా రావు, కీబోర్డ్ పనిచేయట్లేదనుకుని ఆపేస్తారు. 'కనపడదు, కొట్టేయండి నాన్నా' అని ముందే చెప్పండి. లోపలికి వెళ్లాక లైను చివర డాలర్ గుర్తు బదులు హ్యాష్ గుర్తు వస్తుంది. అప్పుడు:

యాడ్‌యూజర్ (ఏ డీ డీ యూ ఎస్ ఈ ఆర్, కలిపి), స్పేస్, స్టూడియో, స్పేస్, సుడో, ఎంటర్.

అన్నీ చిన్న అక్షరాలే. తర్వాత మెషిన్ రీస్టార్ట్ చేయించండి. గ్రూపులో చేరిన సంగతి మళ్లీ లాగిన్ అయ్యేదాకా ఆ యూజర్‌కి వర్తించదు. 'చేసినా రాలేదండీ' అని తిరిగొచ్చే వాళ్లలో ఎక్కువమంది లాగవుట్ కాని వాళ్లే.

రిటైర్డ్ మాస్టారు:
అమ్మా, ఆ హైఫన్ మర్చిపోవద్దు. హైఫన్ లేకుండా ఉత్త ఎస్‌యూ కొట్టినా రూట్ అవుతారు, హ్యాష్ గుర్తూ వస్తుంది, కానీ యాడ్‌యూజర్ అనగానే 'కమాండ్ నాట్ ఫౌండ్' అంటుంది. డెబియన్ 10 నుంచి ఇలా మారింది. హైఫన్ లేకపోతే పాత యూజర్ పాత్‌తోనే (కమాండ్లు వెతికే ఫోల్డర్ల జాబితా) ఉండిపోతారు, అందులో అడ్మిన్ కమాండ్లుండే యూఎస్‌ఆర్ స్లాష్ ఎస్‌బిన్ ఉండదు. ఫోన్‌లో చెప్పేటప్పుడు ఇలాంటి చిన్న గీత దగ్గరే గంట పోతుంది.

ఇంకో మాట. నెట్‌లో చాలాచోట్ల దీనికి యూజర్‌మాడ్ చెప్తారు: యూజర్‌మాడ్, స్పేస్, హైఫన్, చిన్న ఏ, పెద్ద జీ, స్పేస్, సుడో, స్పేస్, స్టూడియో. అదీ సరైనదే, కానీ ఆ చిన్న ఏ వదిలేస్తే మిగతా గ్రూపులన్నింట్లోంచి మనిషిని తీసేసి సుడో ఒక్కదాంట్లో పెడుతుంది. ఫోన్ మీద చెప్పే పనికి యాడ్‌యూజరే మేలు.

పాలకొల్లు స్టూడియో:
అయిపోయిందండీ! నాన్న 'కనపడట్లేదే' అంటూనే కొట్టేశారు. రీస్టార్ట్ చేశాక 'సుడో హూ యామ్ ఐ' కొట్టిస్తే 'రూట్' అని వచ్చింది. మధ్యలో ఒకసారి మాత్రమే పాస్‌వర్డ్ అడిగింది, రెండోసారి అడగలేదు. అది మామూలేనా? అడిగింది స్టూడియో పాస్‌వర్డే, రూట్‌ది కాదు.

నైట్ షిఫ్ట్:
మామూలే. సుడో ఎప్పుడూ మీ పాస్‌వర్డే అడుగుతుంది, ఎస్‌యూ అయితే రూట్‌ది అడుగుతుంది. ఒకసారి కొడితే ఆ టెర్మినల్‌లో కాసేపు గుర్తుపెట్టుకుంటుంది, డెబియన్‌లో 15 నిమిషాలు. లేచి వెళ్లేముందు 'సుడో హైఫన్ కే' కొడితే వెంటనే మర్చిపోతుంది.

పెళ్లివాళ్లు వచ్చి కూర్చునే షాపులో ఆ స్టిక్కర్ అలా ఉండటం నాకైతే టెన్షన్. 'సుడో పాస్‌డబ్ల్యూడీ రూట్' కొట్టించి కొత్త పాస్‌వర్డ్ పెట్టించండి, స్టిక్కర్ పీకించండి.

ఇక టైమ్డ్ అవుట్. దీన్ని 'కనెక్షన్ రిఫ్యూజ్డ్'తో కలపకండి. రిఫ్యూజ్డ్ అంటే తలుపు కొడితే 'ఇక్కడ ఆయన లేరు' అని లోపల్నుంచి జవాబు రావడం. మెషిన్ దాకా చేరాం, ఎస్‌ఎస్‌హెచ్ సర్వీస్ నడవట్లేదు. టైమ్డ్ అవుట్ అంటే అసలు జవాబే లేదు. మీ నాన్నగారిని రౌటర్ పేజీలో వ్యాన్ ఐపీ (రౌటర్‌కి ఇంటర్నెట్ వైపు ఉన్న అడ్రసు) చూడమనండి. ఆ మెషిన్ బ్రౌజర్‌లోనే 'వాట్ ఈజ్ మై ఐపీ' అని వెతికితే వచ్చే నంబర్ కూడా రాసుకోమనండి. రెండూ ఒకటేనా?

పాలకొల్లు స్టూడియో:
కాదు. రౌటర్‌లో 100.72తో మొదలయ్యేది ఉంది, బ్రౌజర్‌లో పూర్తిగా వేరేది.

నైట్ షిఫ్ట్:
అనుకున్నాను. 100.64 నుంచి 100.127 దాకా ఉన్న అడ్రసులు ఇంటర్నెట్ కంపెనీలు లోపల వాడుకునేవి. ఒకే పబ్లిక్ ఐపీ వెనక చాలా ఇళ్లను పెడతారు, సీజీ నాట్ అంటారు. రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి కనెక్షన్‌ని లోపలి మెషిన్‌కి పంపే సెట్టింగ్) ఎన్నిసార్లు పెట్టినా ఇక్కడ ఫలితం ఉండదు, ఎందుకంటే పై రౌటర్ మీ చేతిలో లేదు. డబ్బు కట్టి స్టాటిక్ ఐపీ తీసుకోవచ్చు, కానీ మీ పనికి అవసరం లేదు. నా ఓటు టెయిల్‌స్కేల్ అనే ప్రోగ్రామ్‌కి. రెండు మెషిన్లూ బయటికి కనెక్ట్ అయ్యి ఒకదాన్నొకటి కలుస్తాయి, పోర్టులేమీ తెరవక్కర్లేదు, సొంత వాడకానికి ఉచిత ప్లాన్ ఉంది.

ముందు 'సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ కర్ల్'. తర్వాత: కర్ల్, స్పేస్, హైఫన్, చిన్న ఎఫ్, చిన్న ఎస్, పెద్ద ఎస్, పెద్ద ఎల్, స్పేస్, టెయిల్‌స్కేల్ డాట్ కామ్ స్లాష్ ఇన్‌స్టాల్ డాట్ ఎస్‌హెచ్ (ముందు హెచ్‌టీటీపీఎస్ కోలన్ రెండు స్లాష్‌లు), స్పేస్, నిలువు గీత, స్పేస్, ఎస్‌హెచ్. అది అయ్యాక 'సుడో టెయిల్‌స్కేల్ అప్'. ఒక లింక్ చూపిస్తుంది. నాన్నగారు ఆ లింక్ మీకు పంపితే చాలు, హైదరాబాద్‌లో మీ బ్రౌజర్‌లో తెరిచి మీరే ఓకే చేయొచ్చు. మీ లాప్‌టాప్‌లో కూడా అదే అకౌంట్‌తో వేసుకోండి.

ఒకటి మాత్రం ఇప్పుడే చేసుకోండి: టెయిల్‌స్కేల్ అడ్మిన్ పేజీలో ఆ మెషిన్‌కి 'డిజేబుల్ కీ ఎక్స్‌పైరీ' పెట్టండి. లేకపోతే 180 రోజులకి లాగిన్ గడువు అయిపోతుంది, అప్పుడు మళ్లీ నాన్నగారే మెషిన్ ముందు కూర్చోవాలి.

రిటైర్డ్ మాస్టారు:
ఎవరో ఇచ్చిన స్క్రిప్ట్‌ని చదవకుండా నేరుగా షెల్‌కి (కమాండ్లు నడిపే ప్రోగ్రామ్) అందించడం నాకు నచ్చదు. తయారుచేసిన వాళ్ల సొంత సైటే కాబట్టి ఈసారికి సరే. కానీ ఎక్కడ ఏ బ్లాగ్‌లో కనిపించినా ఇలా చేసేయకండమ్మా.

ఎస్‌ఎస్‌హెచ్‌కి ముందు వాడిన టెల్‌నెట్ రోజుల్లో పాస్‌వర్డ్ నెట్‌వర్క్ మీద ఉన్నదున్నట్టు పోయేది, మధ్యలో కాచుకున్నవాడు చదువుకునేవాడు. ఫిన్లాండ్‌లో హెల్సింకి యూనివర్సిటీ ఆఫ్ టెక్నాలజీలో అలాంటి దొంగతనం జరిగాకే టాటు యులొనెన్ 1995లో ఎస్‌ఎస్‌హెచ్ రాశాడు. అంత చేసి పెట్టిన దాన్ని మనం స్టిక్కర్ మీద రాసి అంటించుకుంటున్నాం.

పాలకొల్లు స్టూడియో:
మాస్టారూ, స్టిక్కర్ పీకేశారు నాన్న :) హైదరాబాద్ నుంచి లాగిన్ అయ్యాను! ఇప్పుడు పాస్‌వర్డ్ బదులు కీ (లాగిన్‌కి వాడే ఫైళ్ల జత) పెట్టుకుందామని పవర్‌షెల్‌లో ఎస్‌ఎస్‌హెచ్ కీజెన్‌తో తయారుచేశాను. కానీ 'ఎస్‌ఎస్‌హెచ్ కాపీ ఐడీ' అనే కమాండే లేదంటోంది. డాట్ పబ్ ఫైల్లో ఉన్నది చేత్తో పేస్ట్ చేశాను, అయినా పాస్‌వర్డే అడుగుతోంది.

షార్ట్‌కట్ రాజా:
డాట్ ఎస్‌ఎస్‌హెచ్ ఫోల్డర్‌కి సీహెచ్‌మాడ్ 777 (అందరికీ అన్ని హక్కులు) ఇచ్చి చూడండి.

నైట్ షిఫ్ట్:
777 ఇస్తే పనిచేస్తున్న కీ కూడా ఆగిపోతుంది రాజా గారూ! వేరేవాళ్లు రాయగలిగే ఫోల్డర్‌లో ఉన్న కీని ఎస్‌ఎస్‌హెచ్ నమ్మదు, చెప్పకుండా పక్కన పెట్టి పాస్‌వర్డ్‌కి వెళ్తుంది. పైగా ఆ మెషిన్ మీద లాగిన్ ఉన్న ఎవరైనా తన కీ చేర్చేసుకోవచ్చు.

విండోస్‌లో ఆ కాపీ కమాండ్ ఉండదు, చేత్తో పేస్ట్ చేయడమే. ఇవి చూసుకోండి: సర్వర్‌లో (అంటే స్టూడియో మెషిన్‌లో) డాట్ ఎస్‌ఎస్‌హెచ్ ఫోల్డర్ 700, లోపల ఆథరైజ్డ్ కీస్ ఫైలు 600, అంటే ఓనర్‌కి మాత్రమే హక్కు. రెండూ స్టూడియో పేరు మీదే ఉండాలి. సుడోతో ఫైలు తయారుచేసి ఉంటే అది రూట్ పేరు మీద ఉంటుంది, 600 పెట్టాక స్టూడియోగా చదవడం కుదరదు. కీ మొత్తం ఒకే లైనులో ఉందా చూడండి, పేస్ట్ చేసేటప్పుడు మధ్యలో విరిగి రెండు లైన్లయితే చెల్లదు. ఇంకా తేలకపోతే సర్వర్‌లో 'సుడో జర్నల్ సీటీఎల్ హైఫన్ యూ ఎస్‌ఎస్‌హెచ్' చూడండి. లాప్‌టాప్ వైపు ఎర్రర్ ఏమీ చెప్పదు, అసలు కారణం సర్వర్ లాగ్‌లో ఉంటుంది.

పాలకొల్లు స్టూడియో:
సరిగ్గా అదే, ఫైలు ఓనర్ రూట్ అని ఉంది. సీహెచ్ఓన్‌తో ఓనర్‌ని మార్చాక కీతో వెళ్లిపోయింది. ఇప్పుడు పాస్‌వర్డ్ లాగిన్ పూర్తిగా ఆపేయొచ్చా? కాన్ఫిగ్ తప్పు రాసి బయట ఉండిపోతానేమోనని భయం.

నైట్ షిఫ్ట్:
ఆపేయండి, కానీ ఇప్పుడు తెరిచి ఉన్న విండో మూయకుండా. స్లాష్ ఈటీసీ స్లాష్ ఎస్‌ఎస్‌హెచ్ కింద ఎస్‌ఎస్‌హెచ్‌డీ అండర్‌స్కోర్ కాన్ఫిగ్ డాట్ డీ అనే ఫోల్డర్ ఉంది. అందులో 10తో మొదలయ్యే పేరుతో, డాట్ కాన్ఫ్ అని ముగిసేలా ఫైలు పెట్టి, ఒకే లైను రాయండి: పాస్‌వర్డ్ ఆథెంటికేషన్, కలిపి, స్పేస్, నో. డెబియన్ 12లో మెయిన్ ఫైలు మొదట్లోనే ఈ ఫోల్డర్‌ని చదువుతుంది, ఎస్‌ఎస్‌హెచ్‌డీ మొదట కనిపించిన విలువనే తీసుకుంటుంది. అందుకే మెయిన్ ఫైల్లో కింద ఎక్కడో మార్చి 'మారలేదే' అని తల పట్టుకునేవాళ్లు కనిపిస్తుంటారు.

తర్వాత 'సుడో ఎస్‌ఎస్‌హెచ్‌డీ హైఫన్ టీ'. ఏమీ అనకపోతే రాసింది సరిగ్గా ఉన్నట్టు. అప్పుడు సర్వీస్ రీస్టార్ట్ చేయండి, ఉన్న కనెక్షన్ తెగదు. రెండో పవర్‌షెల్ విండో తెరిచి కొత్తగా లాగిన్ అవ్వండి. అది వెళ్తేనే మొదటిది మూయండి. వెళ్లకపోతే మొదటి విండోలోంచి ఆ ఫైలు తీసేసి మళ్లీ రీస్టార్ట్ చేస్తే యథాప్రకారం.

కొత్తగా చేరాను:
మధ్యలో దూరుతున్నందుకు సారీ. ఇదే ఫైలు పెట్టబోతే నాకు 'సుడో ఎకో ...' తర్వాత గ్రేటర్ దాన్ గుర్తుతో ఫైలు పేరు ఇస్తే, సుడో ఉన్నా 'పర్మిషన్ డినైడ్' వస్తోంది?

రిటైర్డ్ మాస్టారు:
సుడో ఎకోకి మాత్రమే వర్తిస్తుంది నాయనా. ఆ గుర్తు చూసి ఫైలు తెరిచేది నీ షెల్, దానికి రూట్ హక్కు లేదు. ఎకో లైను తర్వాత నిలువు గీత పెట్టి 'సుడో టీ' (టీ, ఈ, ఈ), స్పేస్, ఫైలు పేరు ఇవ్వు. లేదంటే హాయిగా 'సుడో నానో' తో తెరిచి రాసుకో.

పాలకొల్లు స్టూడియో:
పాస్‌వర్డ్ లాగిన్ ఆగింది, కీతో మాత్రమే వెళ్తోంది. కానీ నాన్న మధ్యాహ్నం భోజనానికి ఇంటికెళ్తే కాసేపటికి మళ్లీ టైమ్డ్ అవుట్. ఆయన వచ్చి మౌస్ కదిపితే కలుస్తోంది.

నైట్ షిఫ్ట్:
మెషిన్ నిద్రపోతోంది. గ్నోమ్ డెస్క్‌టాప్ కదలిక లేకపోతే సస్పెండ్ అవుతుంది, ఎస్‌ఎస్‌హెచ్‌లో మీరు పనిచేస్తున్నది అది లెక్కలోకి తీసుకోదు. 'సుడో సిస్టమ్ సీటీఎల్ మాస్క్' అని కొట్టి, స్పేస్ ఇస్తూ స్లీప్ డాట్ టార్గెట్, సస్పెండ్ డాట్ టార్గెట్, హైబర్నేట్ డాట్ టార్గెట్ ఇవ్వండి. ఇది మీరే హైదరాబాద్ నుంచి చేసుకోవచ్చు.

కరెంటు పోయి వస్తే మెషిన్ దానంతటది ఆన్ అవ్వడం మాత్రం కమాండ్‌తో కాదు. బయాస్‌లో (మెషిన్ ఆన్ అవుతుండగా తెరిచే సెట్టింగ్స్ పేజీ) పవర్ సెట్టింగ్స్ కింద 'ఏసీ పవర్ లాస్' అనే మాటతో ఒక ఆప్షన్ ఉంటుంది, బోర్డుని బట్టి పేరు కొంచెం మారుతుంది. దాన్ని 'పవర్ ఆన్' చేయాలి. ఆ పేజీ ఫొటో తీసి పంపమనండి నాన్నగారిని, ఏది మార్చాలో చూసి చెప్తాం.