గువాషా చేస్తే బుగ్గలు ఎర్రబడుతున్నాయి, రోలర్ కీచుమంటోంది

గాజువాక_67:
ముఖాన్ని గీసి మర్దన చేసే రోజ్ క్వార్ట్జ్ రాయి పలక (గువాషా), జేడ్ రాయి రోలర్ రెండూ ఉన్నాయి. పొద్దున్నే కళ్ళ కింద ఉబ్బు, దవడ పట్టేసినట్టు ఉంటోంది. కొబ్బరినూనె రాసి గీస్తుంటే బుగ్గలు అరగంట దాకా ఎర్రగానే ఉంటున్నాయి, నుదుటి మీద పొక్కులు లేస్తున్నాయి. చెంపల మీద కొంచెం మంగు కూడా ఉంది. ముడతలు పోతాయంటారు, నిజమేనా?

ద్వారకానగర్_బ్యూటీ:
పొక్కులకి నూనే కారణం కావచ్చండీ. కొబ్బరినూనె చాలామందికి రంధ్రాలు మూసేస్తుంది, వైజాగ్ ఉక్కలో ఇంకా ఎక్కువ. స్క్వాలేన్ గానీ జోజోబా నూనె గానీ ముఖానికి 4–5 చుక్కలు, మెడకి 2–3 చాలు. సీరమ్ ఒక్కటే అయితే మధ్యలోనే ఆరిపోయి రాయి చర్మాన్ని పట్టి లాగుతుంది.

ఎరుపు చూస్తే పలకని నిలబెట్టి గీస్తున్నట్టున్నారు. దాదాపు పడుకోబెట్టాలి, 15 డిగ్రీల వాలు ఉంటే చాలు. చైనా పద్ధతిలో వీపుకి చేసేటప్పుడు ఎర్ర మచ్చలు తేలేదాకా గట్టిగా గీస్తారు. ముఖానికి అది పనికిరాదు. లేత గులాబీ రంగు వచ్చి కాసేపట్లో పోవాలి.

ముందు మెడ పక్కలు: చెవి కింద నుంచి కాలర్ ఎముక దాకా కిందికి, 5 సార్లు. గొంతు మధ్యలో ఒత్తొద్దు. తర్వాత పలక అంచులో లోపలికి ఉన్న వంపుని దవడ ఎముకకి ఆనించి గడ్డం నుంచి చెవి తమ్మె దాకా. ఆపైన ముక్కు పక్క నుంచి చెవి వైపు. కంటి కింద పలక బరువే చాలు, చెయ్యి బరువు వెయ్యకండి. నుదుటికి కనుబొమల నుంచి పైకి. ఒక్కోచోట 3–5 సార్లు, ఒకే దిశలో. గీత మొదలయ్యే చోట రెండో చేత్తో చర్మాన్ని పట్టుకోకపోతే ముడత పడి లాగుతుంది. చివర్లో మళ్ళీ మెడ. వారానికి 2–3 సార్లు మించొద్దు.

దవడకి: పళ్ళు బిగిస్తే చేతికి తగిలే కండరం మీద పలక అంచు పెట్టి, నోరు వదులుగా ఉంచి నెమ్మదిగా కదపండి.

స్కిన్_కేర్_వైజాగ్:
ముడతలు పోవండీ. ఉబ్బు తగ్గడం కూడా కొన్ని గంటలే. రాత్రి ఆవకాయ గట్టిగా లాగిస్తే మర్నాడు మళ్ళీ హాజరు. అందులోనూ సగం పని చల్లదనానిది, చల్లటి స్టీలు చెంచా కూడా చేస్తుంది.

నా భయమంతా మంగు గురించే. మన చర్మంలో రాపిడి వల్ల మచ్చలు ముదురుతాయి. ఆ చోటు పూర్తిగా వదిలేయండి, ముందు చర్మ వైద్యులకి చూపించండి. మొటిమలు పచ్చిగా ఉన్నా, రక్తం పలచబడే మందులు వాడుతున్నా పలక జోలికి వెళ్ళొద్దు. ఫిల్లర్లు, బొటాక్స్ లాంటి ముఖం ఇంజెక్షన్లు చేయించుకుంటే వేసిన డాక్టరు సరేననేదాకా ఆగాలి.

ఎంవీపీ_రిపేర్:
రోలర్ కీచుమనేది ఇరుసు దగ్గర. సముద్రపు గాలికి, తడికి తుప్పు పడుతుంది. బేబీ ఆయిల్ ఒక చుక్క రెండు చివర్లా వేసి తిప్పండి. రాయి అటూ ఇటూ ఊగుతుంటే ఇక వాడొద్దు, సందులో వెంట్రుకలు చిక్కుతాయి. నీళ్ళలో నానబెట్టకుండా తడిగుడ్డతో తుడవండి. పలకనైతే ప్రతిసారీ సబ్బుతో కడిగేయొచ్చు. ఫ్రిజ్‌లో పెట్టొచ్చు గానీ బయటికి తియ్యగానే మన గాలికి చెమ్మ పడుతుంది, తుడిచేయాలి. ఫ్రీజర్ వద్దు, రోలర్ చివర్ల అంటించిన మూతలు ఊడతాయి.

రాయి నకిలీదా అని చాకుతో గీకి చూడమంటారు. గాజు మీద కూడా చాకు గీత సరిగా పడదు, ఆ పరీక్షతో ఏం తేలదు. టార్చి వేస్తే లోపల గుండ్రటి బుడగలు కనిపిస్తే గాజే. అయినా చర్మానికి రాయి రకంతో పని లేదు. అంచు పెచ్చు లేచిందా లేదా అన్నదే చూసుకోండి.

గాజువాక_67:
థాంక్సండీ. పొద్దున్నా, రాత్రా?

ద్వారకానగర్_బ్యూటీ:
ఉబ్బుకి పొద్దున, దవడకి రాత్రి. పొద్దున చేస్తే నూనె ఫేస్‌వాష్‌తో కడిగేశాకే సన్‌స్క్రీన్ రాయండి, నూనె మీద అది నిలవదు.