పులికాట్ పక్షుల ఫోటోలు: ఎడిటింగ్‌కి హద్దు ఎక్కడ?

పెన్నగట్టు (నెల్లూరు): సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట పోయే రోడ్డు మీద, పులికాట్ సరస్సు దగ్గర పొద్దున్నే తీసిన ఫ్లెమింగోల ఫోటోలు చూస్తే ఉసూరుమనిపించింది. అంతా మంచుతెర, రంగే లేదు. మా బావమరిది ఎడిట్ చేసిస్తే గులాబీ రంగు ధగధగలాడింది. గ్రూపులో పెడితే మోసం అంటున్నారు. ఇందులో మోసమేముంది?

ఒంగోలు స్టూడియో: ఏమీ లేదన్నా. డార్క్‌రూమ్ రోజుల్లోనూ ప్రింటు వేసేటప్పుడు వెలుగుకు చెయ్యి అడ్డుపెట్టి ముఖం తేటగా తెచ్చేవాళ్లం. 1990లో ఫోటోషాప్ వచ్చాక అదే పని మౌసుతో చేస్తున్నాం. చూసేవాళ్లకు నచ్చాలి, అంతే.

కొంగలబాట (గూడూరు): వెలుగు వరకూ స్టూడియో అన్న మాట ఒప్పుకుంటాను. మంచువల్ల పోయిన కాంట్రాస్ట్ (వెలుగునీడల తేడా) తెచ్చుకోండి, వంకర సరిచేయండి, క్రాప్ చేయండి. రంగు దగ్గర ఆగాలి. పులికాట్‌కి ఎక్కువగా వచ్చేది గ్రేటర్ ఫ్లెమింగో. అది దాదాపు తెల్లటి పక్షి, లేత గులాబీ ఛాయ ఉంటుందంతే. రెక్కల్లోని ఎరుపు ఎగిరినప్పుడే బాగా కనబడుతుంది. ఒళ్లంతా ముదురు గులాబీగా ఉండేది లెస్సర్ ఫ్లెమింగో, అది చిన్నది. పిల్లలేమో బూడిదరంగులో ఉంటాయి. తిండిలోని కెరోటినాయిడ్లనే రంగు పదార్థాలవల్ల ఏళ్లమీద గులాబీ ఎక్కుతుంది. శాచురేషన్ (రంగు గాఢత) బాగా పెంచేస్తే ఆ పక్షి ఏ జాతిదో, దాని వయసెంతో చెప్పే గుర్తులు పోతాయి. ఆ ఫోటో చూసి ఊళ్లనుంచి వచ్చిన పిల్లలు తెల్లటి గుంపును చూసి "ఇవేనా?" అంటారు. నాకు బాధగా ఉండేది అక్కడే.

ఒంగోలు స్టూడియో: పక్షుల సంగతి సరే. పెళ్లి ఆల్బమ్‌లో అమ్మాయిని తెల్లగా చెయ్యమని వాళ్లమ్మే అడుగుతుంది. కాదంటే ఇంకో స్టూడియోకి పోతారు. ఏం చెయ్యమంటావు?

కొంగలబాట: అమ్మాయిని అడిగారా అన్నా? ఫ్లాష్‌వల్ల వచ్చిన జిడ్డు మెరుపు తీసేయండి. మండపంలో పసుపు లైట్లకు చెడిన వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెలుపుగానే కనబడే రంగుల పొందిక) సరిచేయండి. ఒంటిరంగు లైటు తప్పు కాదు గదా, దాన్నెందుకు ముట్టుకోవడం?

పెన్నగట్టు: నా దగ్గర రా (RAW) ఫైళ్లు, అంటే కెమెరా పట్టింది పట్టినట్టు దాచినవి, ఉన్నాయి, మళ్లీ మొదట్నుంచి చేస్తాను. ఎండ తగిలి తెల్లగా కాలిపోయిన ఈకలు వెనక్కి వస్తాయా?

కొంగలబాట: కొంత వస్తాయి. 14 బిట్ రా ఫైల్లో ఒక్కో రంగుకు 16,384 మెట్లుంటాయి, జేపెగ్‌లో 256 మాత్రమే. కెమెరాలో వెలుగును పట్టే సెన్సర్ పూర్తిగా నిండిపోయిన చోట మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ ఈకను తేలేదు. తెల్లటి పక్షికి ఎక్స్‌పోజర్ కాస్త తగ్గించి తీయండి, నీడలు తర్వాత ఎత్తుకోవచ్చు.