‘చెల్లుకు చెల్లు’ అనొచ్చా?

ప్రశ్న: 1942లో అమెరికా యుద్ధ శాఖ, బ్రిటన్ వెళ్లే సైనికుల చేతికి ఓ చిన్న పుస్తకం ఇచ్చింది. అక్కడి జనంతో ఎలా మసలుకోవాలో అందులో రాశారు. బ్రిటిష్ వాళ్లకు కాఫీ పెట్టడం రాదు, మీకు టీ పెట్టడం రాదు అని ఓ చమత్కారం ఉంది. దాని కొసమాట ‘ఇట్స్ యాన్ ఈవెన్ స్వాప్’ తెలుగులో కుదరడం లేదు. ‘సమాన మార్పిడి’ అంటే బ్యాంకు కాగితంలా ఉంది. ‘చెల్లుకు చెల్లు’ అనొచ్చా?

జవాబు: ‘దొందూ దొందే’ అనండి. ఇద్దరికీ రాదుగా!

జవాబు: నవ్వొచ్చింది గానీ కుదరదండీ. దొందూ దొందే పక్కన నిలబడి చూసేవాడి మాట, ఇద్దర్నీ వెక్కిరిస్తుంది. ఇక్కడ చెప్పేది సొంత సైన్యం, తన కుర్రాళ్లకే. వాళ్ల టీకి వంకలు పెట్టొద్దని దాని బాధ. 1940 జూలై నుంచి అక్కడ టీ రేషను. మనిషికి వారానికి 2 ఔన్సులు, అంటే 57 గ్రాములు లోపే. అందులోంచి తీసి అతిథికి కప్పు పోశారంటే మాటలా? భోజనానికి పిలిస్తే కడుపునిండా లాగించొద్దనీ, ఇంటిల్లిపాది వారం రేషనూ అయిపోతుందనీ అదే పుస్తకంలో ఉంది.

జవాబు: ‘చెల్లు’ అప్పు తీరినప్పటి మాట కదా. నోటు వెనక చెల్లు వేయించుకునేవాళ్లం. ‘నువ్వు కొట్టావు, నేనూ కొట్టాను, చెల్లుకు చెల్లు’ అన్నప్పుడు కాస్త పాత కక్ష వాసన వస్తుంది. కాఫీ, టీల మధ్య కక్షేమిటి?

జవాబు: ఆ వాసన ఉంటేనే బాగు. ఆ రెండు దేశాలకూ పాత లెక్కలున్నాయి. అమెరికా స్వాతంత్ర్య యుద్ధం, 1812 యుద్ధం. ఆ పాత యుద్ధాలు మళ్లీ చేసే తీరిక ఇప్పుడు లేదని ఆ పుస్తకమే చెబుతుంది. నా ఓటు చెల్లుకు చెల్లుకే. ‘సరికి సరి’ కూడా నడుస్తుంది, కాస్త చప్పగా.

ప్రశ్న: సరే, అదే వేస్తున్నా. ఇంకొకటి. ‘నేను బమ్‌లా ఉన్నాను’ అని బ్రిటన్‌లో అనొద్దని హెచ్చరిక. అమెరికాలో బమ్ అంటే దేశదిమ్మరి, అక్కడేమో పిర్ర. దీనికేం చేయాలి?

జవాబు: తెలుగు చేయకండి. ‘బమ్’ అనే ఉంచి, రెండర్థాలూ పక్కనే చెప్పేయండి.