‘ఎంపిరిక్’ను నాటువైద్యుడు అనవచ్చునా?

ప్రశ్న: 16, 17 శతాబ్దాల లండన్ వైద్యచరిత్రపై వచ్చిన ఒక వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. లైసెన్సు లేకుండా వైద్యం చేసినవారిని అందులో ఒకచోట ‘ఎంపిరిక్’ అనీ, మరొకచోట ‘క్వాక్’ అనీ అన్నారు. రెండింటికీ ‘నాటువైద్యుడు’ అని వ్రాయవచ్చునా?

సమాధానం: వ్రాయకూడదనే నా అభిప్రాయం. ‘క్వాక్’ అనేది డచ్చి భాష నుండి వచ్చిన ‘క్వాక్‌సాల్వర్’కు కుదింపు. అందులోని రెండవ భాగం లేపనానికి సంబంధించినది కనుక, గొప్పలు చెప్పి మందులు అంటగట్టేవాడు కళ్లముందు నిలుస్తాడు. దానికి ‘దొంగవైద్యుడు’ చాలు. చిక్కంతా ‘ఎంపిరిక్’తోనే. అది అనుభవాన్ని తెలిపే గ్రీకు మాట నుండి పుట్టింది. రోగానికి లోపలి కారణాలను వెదకడం మాని, అనుభవాన్నే ప్రమాణంగా పెట్టుకొన్న ఒక ప్రాచీన వైద్యశాఖకు పేరు. ప్రాచీన గ్రీకు వైద్యుడు గేలెన్ గ్రంథాలు చదివి పట్టా పుచ్చుకొన్న లండన్ ఫిజీషియన్ల నోట అదే నిందావాచకమయింది. మనకు ‘అనుభవవైద్యం’ మెచ్చుకోలు కనుక, ‘అనుభవవైద్యుడు’ అంటే ఆ నింద వినిపించదు. అయితే ‘వైద్యుడు’ అన్న మాట ‘విద్య’ నుండి వచ్చినదే కాబట్టి, ఆ ఫిజీషియన్ల గర్వం మనకు మరీ కొత్తదేమీ కాదు.

ఇక చట్టం సంగతి. కమ్మరులు, నేతగాళ్లు, స్త్రీలు కూడా వైద్యానికి దిగుతున్నారని 1512 నాటి చట్టం ఫిర్యాదు చేసి, అనుమతినిచ్చే అధికారాన్ని బిషప్పుల చేతిలో పెట్టింది. 1518లో ఏర్పడిన ఫిజీషియన్ల కళాశాలకు (పేరుకు కళాశాలే గాని, ఇది వైద్యుల సంఘం) లండన్‌లోను, చుట్టూ ఏడు మైళ్ల మేరలోను అనుమతి లేనివారిపై నెలకు 5 పౌన్ల జరిమానా విధించే అధికారం దక్కింది. అయితే 1542–43లో ఎనిమిదవ హెన్రీ ప్రభుత్వమే మరొక చట్టం చేసి, సర్జన్ల ధనాశను తప్పుపట్టి, మూలికల గుణం తెలిసిన స్త్రీపురుషులు పుండ్లకు, వాపులకు, మరికొన్ని జబ్బులకు మందివ్వవచ్చునన్నది. మనం నాటువైద్యుడనే మనిషికి అంతో ఇంతో సరిపోయేవాడు ఇతడే, ఇతడికి చట్టం అండ ఉన్నది! అందుచేత కళాశాల దండించిన ‘ఎంపిరిక్’కు ఈ పేరు తగిలిస్తే, చట్టం కాచినవాడూ పట్టినవాడూ ఒక్కరే అయిపోతారు.

మరొక సంగతి కూడా చూడండి. థామస్ బోన్‌హమ్ కేంబ్రిడ్జిలో వైద్యపట్టా పొందినవాడే. అయినా కళాశాల అనుమతి లేదని 1606లో అతడికి జరిమానా వేసి, తరువాత చెరలో పెట్టారు. జరిమానాలో సగం కళాశాలకే చేరుతుంది కాబట్టి తన వ్యాజ్యానికి తానే న్యాయాధిపతి కావడం చెల్లదని 1610లో న్యాయమూర్తి ఎడ్వర్డ్ కోక్ బోన్‌హమ్ పక్షాన తీర్పు చెప్పాడు. ఇతడిని నాటువైద్యుడు, దొంగవైద్యుడు అనే రెండు మాటలతోనూ పిలవలేము. కనుక చట్టం ప్రస్తావన ఉన్నచోట ‘అనుమతి లేని వైద్యుడు’ అనీ, ఫిజీషియన్ల ఈసడింపు వినిపించవలసినచోట ‘శాస్త్రం చదవని వైద్యుడు’ అనీ వ్రాయమని నా సలహా.

ప్రశ్న: మన పల్లెల్లో వాడే ‘ఆర్‌ఎంపీ’ పాఠకులకు ఇట్టే అర్థమవుతుంది గదండీ?

సమాధానం: అర్థమవుతుంది, కాని తలకిందులవుతుంది. ఆ అక్షరాల అసలు విప్పు ‘రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్’, అంటే ‘నమోదైన వైద్యుడు’. పట్టా లేనివాడనే అర్థం మన వాడుకలో స్థిరపడింది. పైగా ఇంగ్లండులో వైద్యులందరికీ ఒకే నమోదు పుస్తకం 1858 చట్టంతో గాని రాలేదు.