ఫుటీ (ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్) పర్సెంటేజ్ ఎంతకీ కలవట్లేదు, ఎవరైనా చూస్తారా?

ట్రుగనీనా_కుర్రాడు:
అందరికీ నమస్తే. మా ఆఫీసులో ఫుటీ టిప్పింగ్ (ఎవరు గెలుస్తారో ఊహించే పోటీ) నడిపేది నేనే. సగం సీజన్‌లో మా టీమ్ ఎలా ఆడిందో ఒక పేజీ రివ్యూ రాసివ్వమన్నారు, రేపు పొద్దున్నే పంపాలి. స్కోర్లన్నీ షీట్‌లో కొట్టి ఫార్ములా పెట్టాను. పర్సెంటేజ్ 100 దాటి ఎక్కడికో పోతోంది. ఏఎఫ్ఎల్ లాడర్‌లో (లీగ్ పాయింట్ల పట్టికలో) చూస్తే 100 చుట్టూనే ఉంది. సాయంత్రం నుంచి దీనితోనే కుస్తీ, ఇంకా అన్నం కూడా తినలేదు. ఫార్ములా కరెక్టే, పది సార్లు చూశా. లాడర్‌లోనే తప్పుందా?

టార్నీట్_బాబాయ్:
ఏ టీమ్ నాయనా? ఏ రౌండ్ దాకా? ఆ ఫార్ములా ఏంటో పెట్టకుండా కరెక్టంటే మేమెలా నమ్మాలి?

నైట్‌షిఫ్ట్_నాని:
టీమ్ కొట్టిన పాయింట్లన్నీ కలిపి, అవతలివాళ్లకి ఇచ్చినవన్నీ కలిపిన దాంతో భాగించు. 100తో గుణించు. అంతే.

ట్రుగనీనా_కుర్రాడు:
ఎసెండన్ అండి, ఇంకెవరు. ఈ 2024 సీజన్‌లో 13 మ్యాచ్‌లు అయ్యాయి, ఆదివారం కార్ల్‌టన్ చేతిలో ఓడేదాకా. 8 గెలుపులు, 4 ఓటములు, ఒక డ్రా. గెలుపుకి 4, డ్రాకి 2 చొప్పున 34 పాయింట్లు, అది లాడర్‌తో సరిగ్గా కలిసింది. పర్సెంటేజ్ దగ్గరే గొడవ.

బుల్‌డాగ్స్_వీరాభిమాని:
ముందొక మాట. మెల్‌బోర్న్ వెస్ట్‌లో ఇల్లు పెట్టుకుని ఎసెండన్ ఏంటి తమ్ముడూ? మన వైపు క్లబ్ బుల్‌డాగ్స్. ఇక పర్సెంటేజ్ గురించి ఇంత టెన్షన్ అక్కర్లేదు. 2016లో మేం లాడర్‌లో ఏడో స్థానంలో ఉండి ఫైనల్స్‌కి (సీజన్ చివరి ప్లేఆఫ్స్‌కి) వెళ్లాం, గ్రాండ్ ఫైనల్లో సిడ్నీని 89-67తో కొట్టాం. 1954 తర్వాత మళ్లీ అప్పుడే ప్రీమియర్‌షిప్ (టైటిల్). పర్సెంటేజ్ చూసి ఎవరైనా అది ఊహించారా? రివ్యూ రాయాలంటే క్లియరెన్స్‌లు (గుంపులోంచి బంతి బయటికి తీయడం) చూడాలి, కంటెస్టెడ్ పొసెషన్‌లు (పోటీపడి దక్కించుకున్న బంతులు) చూడాలి, ఇన్‌సైడ్ 50లు (గోల్‌కి 50 మీటర్ల లోపలికి బంతి తీసుకెళ్లడం) ఎన్నయ్యాయి, వాటిలో స్కోరు ఎంత వచ్చిందన్నది చూడాలి. మీవాళ్లు 2004లో మెల్‌బోర్న్‌ని ఓడించాక ఇప్పటిదాకా ఫైనల్స్‌లో ఒక్క మ్యాచ్ గెలవలేదు, రివ్యూలో ఆ ముక్క రాయి ముందు.

ట్రుగనీనా_కుర్రాడు:
అన్నా, నేనడిగింది లెక్క.

టార్నీట్_బాబాయ్:
ఇంకో సంగతి. 13 మ్యాచ్‌లు అయ్యాక సగం సీజన్ అని ఎలా అంటారు? మొత్తం 23 కదా. సగమంటే పదకొండున్నర. 11 మ్యాచ్‌ల దగ్గర ఆపితే మీది 8 గెలుపులు, 2 ఓటములు, ఒక డ్రా. తర్వాత గోల్డ్ కోస్ట్, కార్ల్‌టన్ వరసగా మిమ్మల్ని ఓడించాయి. ఎక్కడ ఆపావన్న దాన్ని బట్టి రివ్యూ మొత్తం మారిపోతుంది.

నైట్‌షిఫ్ట్_నాని:
బై (టీమ్‌కి మ్యాచ్ లేని వారం) వచ్చిందంటే సగం అయినట్టే.

టార్నీట్_బాబాయ్:
అన్ని టీమ్‌లకీ బై ఒకే వారం రాదు. మరి ఒక్కో టీమ్‌కి ఒక్కో సగమా?

నైట్‌షిఫ్ట్_నాని:
అవును. అతను రాసేది ఒక్క టీమ్ గురించే కదా.

సర్వర్_సుబ్బు:
కుర్రాడు గారూ, మీరు ప్రతి మ్యాచ్‌కీ విడిగా పర్సెంటేజ్ తీసి, వాటన్నిటికీ యావరేజ్ వేశారా?

ట్రుగనీనా_కుర్రాడు:
అవును. అదీ ఇదీ ఒకటే కదా?

సర్వర్_సుబ్బు:
కాదండి. ఒక మ్యాచ్ 120-60తో గెలిచారనుకోండి, 200 వస్తుంది. ఇంకోటి 60-120తో ఓడారు, 50 వస్తుంది. యావరేజ్ వేస్తే 125. నిజానికి కొట్టినవి 180, ఇచ్చినవి 180, అంటే సరిగ్గా 100. పెద్ద గెలుపు యావరేజ్‌ని పైకి లాగినంతగా పెద్ద ఓటమి కిందికి లాగదు. ఐపీఎల్‌లో నెట్ రన్ రేట్ కూడా ఇంతే, మొత్తం పరుగులు, మొత్తం ఓవర్లతో తీస్తారు గానీ మ్యాచ్‌ల రేట్లకి యావరేజ్ వేయరు. ఎసెండన్‌కి ఇది గట్టిగానే తగులుతుంది. సెయింట్ కిల్డా మీద 4 పాయింట్లతో, అడిలైడ్ మీద 3 పాయింట్లతో గెలిచి, పోర్ట్ అడిలైడ్ దగ్గర 69 పాయింట్లతో ఓడారు. 8 గెలిచీ 100 చుట్టూనే ఎందుకున్నారో రివ్యూలో రాయాల్సింది అదేనేమో.

ట్రుగనీనా_కుర్రాడు:
మార్చాను. దగ్గరకి వచ్చింది గానీ ఇంకా కలవట్లేదు. ఆంజాక్ డే (ఏప్రిల్ 25) మ్యాచ్ డ్రా 85-85 కరెక్ట్‌గా వస్తోంది. కొన్ని మ్యాచ్‌లలో మాత్రం ఒక టీమ్‌కి 9 పాయింట్లు తగ్గుతున్నాయి. పిచ్చెక్కుతోంది.

నైట్‌షిఫ్ట్_నాని:
12.10 అని కొట్టావా?

ట్రుగనీనా_కుర్రాడు:
అవును, స్కోర్లు అలాగే రాస్తారుగా. గోల్స్, చుక్క, బిహైండ్‌లు (ఒక్కో పాయింట్ వచ్చేవి). చుక్క దగ్గర విడగొట్టే ఫార్ములా పెట్టా.

నైట్‌షిఫ్ట్_నాని:
షీట్ దాన్ని 12.1 చేసేసింది. సున్నా మింగేసింది.

సర్వర్_సుబ్బు:
అదే. 12 గోల్స్ ఆరేసి చొప్పున 72, పది బిహైండ్‌లు కలిపితే 82 రావాలి. షీట్ ఒక్క బిహైండే చూసి 73 అంటోంది. పది బిహైండ్‌లున్న ప్రతి స్కోరుకీ ఇదే వరస. ఇప్పుడు కాలమ్‌ని టెక్స్ట్‌గా మార్చినా పోయిన సున్నా తిరిగి రాదు, ఆ స్కోర్లు మళ్లీ కొట్టాలి. నన్నడిగితే గోల్స్‌కి ఒక కాలమ్, బిహైండ్‌లకి ఒక కాలమ్ పెట్టుకోండి, ఈ చుక్కల గోలే ఉండదు.

బుల్‌డాగ్స్_వీరాభిమాని:
బిహైండ్‌ల మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా, గోల్ కిక్కింగ్ ఖచ్చితత్వం గురించి ఒక పేరా తప్పకుండా పెట్టు తమ్ముడూ. అలాగే పోయినేడాది కథ కూడా. సీజన్ చివర్లో జీడబ్ల్యూఎస్ (సిడ్నీలోని ఇంకో టీమ్) మీవాళ్లని 126 పాయింట్లతో ఉతికింది, 11వ స్థానంలో తేలారు. ఈసారీ అలాగే జారతారని నా అనుమానం.

టార్నీట్_బాబాయ్:
బ్రాడ్ స్కాట్ కోచ్‌గా వచ్చింది పోయినేడాదే. ఆయనకి ఇంకొంచెం టైమ్ ఇవ్వాలి. మిడ్‌ఫీల్డర్ మెరెట్ ఆడుతున్న తీరు చూస్తే నాకైతే ఫైనల్స్ ఆశ ఉంది.

బుల్‌డాగ్స్_వీరాభిమాని:
ఆశలకేం బాబాయ్, పర్సెంటేజ్ చూడండి.

నైట్‌షిఫ్ట్_నాని:
ఇందాక పర్సెంటేజ్ చూడక్కర్లేదని చెప్పింది మీరే.

ట్రుగనీనా_కుర్రాడు:
కలిసింది. థాంక్స్ అందరికీ. ఇప్పుడు కూర్చుని రాయాలి.

పాయింట్‌కుక్_పంతులు:
ఇప్పుడే చూశాను. బై వారాల్లో మ్యాచ్‌లు తక్కువుంటాయి కదా, టిప్పింగ్‌లో టిప్ పెట్టడం మర్చిపోయినవాళ్లకి మీ ఆఫీసులో పాయింట్లు ఎలా ఇస్తారు? మా దగ్గర దీని మీద పెద్ద రగడ నడుస్తోంది.